బాగున్నావా నూకాలూ

మీ తాతకి తాత ఇంకా పాలపళ్ళతో తిరుగుతున్న కాలం. ఒక ఊరు. ఊరి చివర ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక చాకిరేవు. రేవులో ఒక బండ. ఆ బండ దగ్గర ఒక మనిషి. ఆ మనిషి పేరు నూకాలు. ఊరి పేరు మాత్రం అడక్కండి. మా అమ్మమ్మ ఒక పేరు చెప్పేది, మా మేనత్త ఇంకో పేరు చెప్పేది. ఇద్దరూ దాని మీద పోట్లాడుకుని ఒక పండగ పూట మాటలు మానేశారు. కాబట్టి ఊరి సంగతి వదిలేసి కథ వినండి.

నూకాలు ఊరందరి బట్టలూ ఉతికేది. పొద్దున్నే గాడిదని తోలుకుని ఇంటింటికీ వచ్చి మాసిన బట్టల మూటలు పట్టుకెళ్ళేది. సాయంత్రం కుండ పట్టుకుని మళ్ళీ అవే ఇళ్ళకి వచ్చి, "అమ్మా, అన్నం" అనేది. ఆ రోజుల్లో ఉతికినదానికి కూలి అన్నమే. ప్రతి ఇంటివాళ్ళూ ఒక ముద్ద అన్నం, ఒక గరిటె కూర ఆ కుండలో వెయ్యాలి. అది వాడుక. ఒకరింటి పప్పు, ఒకరింటి పులుసు, ఒకరింటి పచ్చడి, అన్నీ ఒక్క కుండలోనే. చివరింటికి వచ్చేసరికి ఏది ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

ఇప్పుడు కథలోకి చేపల పులుసు వస్తుంది. ఊళ్ళో పెద్దింటి వెంకాయమ్మ అని ఒకావిడ ఉండేది. పెద్ద ఇల్లు, పెద్ద వంట, పెద్ద గొంతు. ఆవిడ ఒకసారి చేపల పులుసు పెట్టింది. చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది, అది చంటిపిల్లని అడిగినా చెబుతుంది. మర్నాడు తిన్నారు, బాగుంది. ఇంకా మిగిలింది. మరి మూడోనాడు?

వెంకాయమ్మ మూత తీసి వాసన చూసింది. బాగుందనిపించింది. మళ్ళీ చూసింది. బాగోలేదనిపించింది. మళ్ళీ చూసింది. ఈసారి అది పులుసు వాసనో తన చేతి వాసనో అర్థం కాలేదు. మొగుణ్ణి అడిగితే నీ ఇష్టం అన్నాడు. అత్తని అడిగితే మా రోజుల్లో కూర మిగిలేదే కాదంది. పారేద్దామంటే ప్రాణం ఒప్పదు. తిందామంటే ధైర్యం చాలదు. అలా మూత తీస్తూ పెడుతూ సాయంత్రం చేసింది. అప్పుడు గుమ్మంలో, "అమ్మా, అన్నం" అని వినబడింది.

వెంకాయమ్మ ఒక గరిటె పులుసు నూకాలు కుండలో వేసింది. మిగతాది ఉట్టి మీద పెట్టింది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కాపు కాసింది. గాడిద వచ్చింది, వెనకాలే నూకాలు వచ్చింది.

"బాగున్నావా నూకాలూ?"

"బాగున్నానమ్మగారూ."

నూకాలు నవ్వింది. వెంకాయమ్మ లోపలికెళ్ళి, వడ్డించెయ్యండి అంది.

ఇలాంటి తెలివితేటలు ఒక్కరికే వస్తాయనుకోకండి. గానుగింటి కన్నమ్మకి పప్పు దగ్గర అనుమానం వచ్చింది. గరిటె ఎత్తితే తీగ సాగింది. పప్పు పాచిపోయి సాగిందా, లేక తనే అంత చిక్కగా కాచిందా? ఆవిడకి తేలలేదు. నూకాలు కుండలో ఒక గరిటె వేసింది. పొద్దున్నే, "బాగున్నావా నూకాలూ?" "బాగున్నానమ్మా." వడ్డించెయ్యండి.

మగ్గమింటి గౌరమ్మకి పులిహోర దగ్గర అనుమానం వచ్చింది. ఆ పులుపు చింతపండుదా, పాడైనదా? నాలిక చివర పెట్టుకుని చూసింది, కళ్ళు మూసుకుని చూసింది, తేలలేదు. నూకాలు కుండలో ఒక ముద్ద వేసింది. పొద్దున్నే, "బాగున్నావా నూకాలూ?" "బాగున్నానమ్మా." వడ్డించెయ్యండి.

ఆ ఉపాయం తనొక్కదానికే తెలుసని ఎవరికి వాళ్ళే అనుకున్నారు. పైకి చెప్పుకునే విషయమా ఇది? కొన్నాళ్ళకి ఊళ్ళో అనుమానం వచ్చిన ప్రతి కూరా, పాచి వాసనేసిన ప్రతి ముద్దా ఆ కుండలోకే చేరింది. పొద్దున్నయితే చాలు, వీధి పొడుగునా గుమ్మాల్లో ఆడవాళ్ళు. అందరిదీ ఒకటే పలకరింపు.

ఇక నూకాలు సంగతి చెబుతాను. ఆవిడకి మొగుడు లేడు. ఒక్కతే కూతురు, పైడమ్మ. పురిటికని పుట్టింటికి వచ్చి, బిడ్డని కని, తల్లి దగ్గరే ఉంది. పచ్చి బాలింతరాలు. బిడ్డకి తల్లి పాలు తప్ప ఇంకో ఆధారం లేదు.

నూకాలుకి ముక్కు పనిచెయ్యదు. ఏళ్ళ తరబడి చవుడు మట్టి కలిపిన నీళ్ళలో బట్టలు ఉడకేసి, ఆ ఆవిరి పీల్చి పీల్చి, వాసన అన్నది పోయింది. మల్లెపువ్వూ ఒకటే, పేడకడీ ఒకటే. నోటికి ఉప్పు తెలిసేది, పులుపు తెలిసేది, అంతే. అందుకని ఆవిడకొక పద్ధతి ఉండేది. సాయంత్రం కుండ తెచ్చాక పైడమ్మకి ఇంట్లో ఉన్న నూకలతో వేడివేడి జావ కాచి పోసేది. కుండలోది తను ముందు తినేది. మిగిలినదాంట్లో నీళ్ళు పోసి మూత పెట్టేది. పొద్దుటికి తన కడుపు బాగుంటే ఆ చద్ది కూతురికి పెట్టేది. బాగోకపోతే పెంటమీద పారబోసేది. ఊరు నూకాలుని చూసి తినేది, నూకాలు తనని తను చూసుకుని కూతురికి పెట్టేది. చూడ్డానికి రెండూ ఒకటే పని. ఒకటేనా అంటే, మీరే చెప్పాలి.

ఆ పలకరింపులంటే నూకాలుకి ఎంత ఇష్టమో చెప్పలేను. పుట్టిన దగ్గర్నించీ ఆవిణ్ణి ఎలా ఉన్నావని అడిగిన మనిషి లేదు. ఇప్పుడు ఊరు ఊరంతా అడుగుతోంది. ఇంటికొచ్చి కూతురికి చెప్పుకునేది. "పెద్దింటి అమ్మగారు నాకోసం గుమ్మంలో నిలబడతారే. నేను కనబడేదాకా లోపలికి వెళ్ళరు." పైడమ్మకి తల్లి మొహం చూసి సంతోషం వేసేది.

అందుకే నూకాలు ఒక పని చేసేది. కడుపులో మెలిపెడుతున్న రోజున కూడా, బాగున్నానమ్మా అని నవ్వేది. అంత ప్రేమగా అడిగినవాళ్ళకి బాగోలేదని చెబితే బాధపడరూ? మరి ఆవిడ బాగున్నానందని ఇళ్ళల్లో వడ్డించేవాళ్ళు. తిన్నవాళ్ళు చెంబులు పట్టుకుని పొలాల్లోకి పరుగెత్తేవాళ్ళు. దిష్టి తగిలిందనేవాళ్ళు, గాలి సోకిందనేవాళ్ళు, కొత్త నీళ్ళు పడలేదనేవాళ్ళు. నూకాలు బాగున్నానందిగా, ఇక కూరని ఎవరంటారు?

అలా జరుగుతూ ఉండగా ఒక పొద్దున్న నూకాలు రాలేదు.

వెంకాయమ్మ గుమ్మంలో నిలబడింది. ఎండ అరుగు దిగి వీధిలోకి వచ్చింది. గాడిద లేదు, నూకాలు లేదు. ముందురోజు తను వేసింది మళ్ళీ చేపల పులుసే. కన్నమ్మ తన గుమ్మంలోంచి తొంగిచూసింది. ముందురోజు తను వేసింది పప్పు. గౌరమ్మ వీధి మధ్యకే వచ్చేసింది. తనది పులిహోర. ముగ్గురూ ఒకర్నొకరు చూసుకున్నారు, చూపులు తిప్పుకున్నారు. మిగిలింది పారేద్దామా? పారేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఉంచుదామా? పిల్లలెవరైనా తింటేనో? చేతిలో గిన్నెతో ఇంట్లోకి, ఇంట్లోంచి వీధిలోకి. చివరికి గిన్నెలు కింద పెట్టడం కూడా మర్చిపోయి, ముగ్గురూ ఏటి దారి పట్టారు. వెనకాల ఊరు. ఎందుకెళ్తున్నారో సగం మందికి తెలీదు.

నూకాలు గుడిసె ముందు కూర్చుని ఉంది. నిక్షేపంగా ఉంది. ఆవిడ ఒళ్ళో పైడమ్మ తల ఉంది. పైడమ్మకి ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు కరుచుకుపోయాయి, పిలిస్తే పలకదు. పక్కన బిడ్డ పాలకి ఏడుస్తోంది. అరుగు మీద కుండ మూత పడిపోయి ఉంది. కుండలో సగం ఖాళీ.

నూకాలు తలెత్తి చూసింది. ఊరంతా వచ్చింది. ముందు ముగ్గురు అమ్మలు, చేతుల్లో గిన్నెలు. ఆవిడకి ఏడుపు ఆగలేదు. "నా బిడ్డ కోసం తెచ్చారా తల్లీ" అని గిన్నె అందుకోవడానికి చేతులు చాపింది. ముగ్గురూ గిన్నెలు వెనక్కి లాక్కున్నారు. నూకాలు చేతులు అలాగే ఉండిపోయాయి.

అప్పటికే వైద్యుడు లింగయ్య వచ్చి పైడమ్మ చెయ్యి పట్టుకుని చూస్తున్నాడు. ఏం తిందని అడిగాడు. ఆకలికి ఆగలేక, నా కడుపు సంగతి తేలకముందే కుండలోది తినేసినట్టుంది బాబూ అంది నూకాలు. కుండలో ఏముందన్నాడు. నూకాలు తెల్లమొహం వేసింది. కుండలో ఊరుంది. ఏమని చెబుతుంది?

లింగయ్యకి చిరాకెత్తింది. చేపలకైతే ఒక మందు, పప్పుకైతే ఒక మందు, పులుపుకైతే ఇంకొకటి, ఒకటి ఇవ్వాల్సిన చోట ఇంకొకటి ఇస్తే ప్రాణం మీదికొస్తుందని, పాడైంది ఏదో ఎవరైనా చెప్పండని అరిచాడు. నూకాలు ఆ ముగ్గురివైపూ తిరిగింది.

"అమ్మగారూ, మీరు వేసింది మంచిదేనా?"

వెంకాయమ్మ మంచిదే అంది. కన్నమ్మ మాదీ మంచిదే అంది. గౌరమ్మ మాది ఇంకా మంచిదంది. నూకాలు వాళ్ళ చేతుల్లో గిన్నెలు చూసింది.

"అదే కదా తల్లీ ఆ గిన్నెల్లో ఉన్నది? ఒక్క ముద్ద తినండి. తిన్నవాళ్ళది మంచిదని వైద్యుడుగారు దాని మందు మానేస్తారు."

ఒక్క చెయ్యీ కదల్లేదు. ఒక్క నోరూ తెరుచుకోలేదు. వెంకాయమ్మ గిన్నెవైపు చూసింది. కన్నమ్మ వెంకాయమ్మవైపు చూసింది. గౌరమ్మ నేలవైపు చూసింది. బిడ్డ ఏడుపు ఒక్కటే వినబడుతోంది.

ఆ ఏడుపు వెంకాయమ్మ తట్టుకోలేకపోయింది. పెద్ద గొంతు కదా, అది కాస్తా చిన్నబోయింది. పులుసు అనుమానంగా ఉండి వేశాను, నువ్వు పొద్దున్నే బాగుంటే మేం తిందామని, అంది. అది విని కన్నమ్మ నేనూ అంతే అంది. గౌరమ్మా అంతే. వెనకాల జనంలోంచి ఇంకొకరు, ఇంకొకరు. నువ్వూనా, నువ్వూనా అని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

నూకాలు పైడమ్మ నుదురు తుడిచింది. తర్వాత మెల్లగా అంది.

"అయితే పొద్దున్నే అడిగేది నా గురించి కాదన్నమాట."

ముగ్గురూ గిన్నెలు కింద పెట్టారు.

"నాకు బాగోలేనప్పుడు కూడా బాగున్నానని చెప్పానమ్మా. మీరు బాధపడతారని."

అప్పుడు చూడాలి ఆ మొహాలు. కన్నమ్మకి మామగారు చెంబు పట్టుకుని పరుగెత్తిన రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి. తక్కినవాళ్ళకి ఎవరి పరుగులు వాళ్ళకి గుర్తొచ్చాయి.

లింగయ్యకి మాత్రం మతిపోయింది. ఒకటి చెప్పండంటే అందరూ మాదే అంటున్నారు. చివరికి దేవుడి మీద భారం వేసి, అన్ని వేర్లూ కొంచెం కొంచెం నూరి, శొంఠి కలిపి, కషాయం కాచి పోశాడు. గౌరమ్మ తనూ పాలిచ్చే తల్లే. ఎవరూ చెప్పకుండానే బిడ్డని ఎత్తుకుని పక్కకెళ్ళి పాలిచ్చింది. పొద్దు వాలేవేళకి పైడమ్మకి చెమట పట్టింది. జ్వరం దిగింది. ఏ వేరు పనిచేసిందని ఎవరో అడిగితే లింగయ్య కసురుకున్నాడు.

పైడమ్మ కళ్ళు తెరిచింది. కుండలోది తిన్నావా తల్లీ అని నూకాలు అడిగింది. తినలేదంది. అందరూ ముందుకి వంగారు. మరి సగం కుండ ఏమైంది?

"గాడిద తిందమ్మా. చూస్తూనే ఉన్నాను. లేచి తోలే ఓపిక లేకపోయింది."

చెట్టు కింద గాడిద చెవులాడిస్తోంది. దానికేమీ కాలేదు. అంటే పైడమ్మది కూటి జబ్బు కాదు, బాలింత జ్వరం. అయితే ఒప్పుకున్నది దేనికి? ఊళ్ళోవాళ్ళు తలలు పట్టుకున్నారు. తిన్న గాడిద బాగుంది, తిన్న నూకాలు బాగుంది, తినని పిల్ల మంచాన పడింది. అంటే కూడు మంచిదనా? తినకపోవడం చెడ్డదనా? వెంకాయమ్మకి ప్రాణం లేచొచ్చి, అయితే మా పులుసు మంచిదేనన్నమాట అంది.

"గాడిదకి మంచిదేనమ్మగారూ" అంది నూకాలు. కుండలో మిగిలింది పెంటమీద పారబోసి, లోపలికెళ్ళి తడిక వేసుకుంది.

ఆ తర్వాత నూకాలు బట్టలకి వచ్చేది. ఉతికేది, ఆరేసేది, తెచ్చిచ్చేది. సాయంత్రం కుండ పట్టుకుని మాత్రం రాలేదు. ఏటిగట్టున ఆకుకూర కోసుకుని, ఇంత గంజి కాచుకుని గడుపుకుంది. పొద్దున్నే ఎవరైనా బాగున్నావా నూకాలూ అంటే, మూట ఎత్తుకుంటూ, "ఏం వేశారని అడుగుతున్నారమ్మా?" అనేది. నవ్వేది కాదు. అడిగినవాళ్ళు లోపలికెళ్ళిపోయేవాళ్ళు. మా అమ్మమ్మ ఇక్కడికొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాకూ ఇక్కడ కష్టంగానే ఉంటుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం వెంకాయమ్మ ఒక్కతే రేవుకి వచ్చింది. పెద్దింటి మనిషి, రేవు మొహం ఎరగదు. ఒక చేతిలో ఇంత అన్నం, ఇంకో చేతిలో గిన్నె, గిన్నెలో చేపల పులుసు, నిన్నటిది. వచ్చి ఉతుకుడు బండ మీద కూర్చుంది. అన్నంలో కలుపుకుని, నూకాలు చూస్తుండగా ఒక ముద్ద తింది. కొంగుతో మూతి తుడుచుకుని అలాగే కూర్చుంది. నూకాలు ఒక మూట ఉతికింది. వెంకాయమ్మ కూర్చునే ఉంది. నూకాలు ఇంకో మూట ఉతికింది. నెత్తి మాడుతున్నా వెంకాయమ్మ లేవలేదు. ఆరేసిన బట్టలు ఆరిపోయాయి. అప్పుడు నూకాలు చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాగున్నారా అమ్మగారూ?"

వెంకాయమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "బాగున్నానే. నిన్నటికంటే ఇవాళే రుచిగా ఉంది. కూర్చుని తిను."

నూకాలు కూర్చుంది. తింది. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది. తక్కిన రుచి ఎలా ఉందో చెప్పమంటే, వెంకాయమ్మ మెంతివాసన దగ్గర్నించి మొదలుపెట్టి చెప్పుకొచ్చింది. నూకాలు వింటూ తింది. వింటూ నవ్వింది.

ఆ సాయంత్రం కుండ మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది. ప్రతి గుమ్మంలోనూ, పెట్టేవాళ్ళు ముందు ఒక ముద్ద తిని, తర్వాత కుండలో వేశారు.

చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. నూకాలు ముసలిదైపోయింది. ఒక పొద్దున్న గాడిద ఒక్కటే దారి తెలిసినట్టు వీధిలోకి వచ్చి నిలబడింది. నూకాలు రాలేదు. నిద్రలోనే పోయింది. ఆ పూట ఊళ్ళో ఏ ఉట్టి మీదా అనుమానం కూర లేదు, ఎవరికీ తమ కడుపు గురించి భయం లేదు. అయినా వీధి పొడుగునా అన్ని గుమ్మాల్లోనూ ఆడవాళ్ళు నిలబడే ఉన్నారు. ముసలి వెంకాయమ్మ ఆ ఉత్త గాడిదని చూసి, "బాగున్నావా నూకాలూ" అని అడిగి, అరుగు మీద కూలబడి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఇంట్లో మిగిలినది ఎవరికైనా పెట్టాలంటే ముందు తాము ఒక ముద్ద తింటారు. దాన్ని నూకాలు ముద్ద అంటారు. కూర దగ్గర అనుమానం వస్తే వాసన చూస్తూ కూర్చోరు. "నూకాలుకి పెడతావా?" అని అడుగుతారు. చెయ్యి వెనకాడిందా, అది పెంటమీదికే. ఆనాటి పులుసు నిజంగా పాడైందా లేదా అని మాత్రం ఇవాళ్టికీ తేల్చుకోలేక కొట్టుకుంటూనే ఉన్నారు. నన్నడక్కండి, నాకూ తెలీదు.

ఇంకొకటి ఉంది. ఆ ఊరికి ఎప్పుడైనా వెళితే మీరే చూస్తారు. ఎదురుపడ్డవాళ్ళు బాగున్నావా అని అడుగుతారు. బాగున్నానని చెబుతారు మీరు. వాళ్ళు కదలరు. మీ మొహంలోకి చూసి మళ్ళీ అడుగుతారు, నిజంగా బాగున్నావా అని. ఆ ఊళ్ళో ఎవర్నైనా రెండుసార్లు అడుగుతారు.